తడిగుడ్డ మీద మోపిన నేరం

నాకు తెలిసిన ఒక లెక్కతో నేను ఒక మనిషి ఉద్యోగం పోగొట్టాను. ఆ లెక్క తప్పు కాదు. తప్పు లెక్క చెప్పి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు, నేనూ చెంపలేసుకుని ఊరుకునేవాణ్ణి. సరైన లెక్కను అబద్ధానికి వాడుకున్నాను కాబట్టే అది ఎనిమిదేళ్ళపాటు నిజంగా చెలామణి అయింది.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. కృష్ణా జిల్లా నుంచి డిప్లొమా పట్టుకుని విశాఖపట్నం వచ్చి, పోర్టు దగ్గర ఓడల పనులు చూసే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో చేరాను. తూకపు యంత్రాలు, ఒత్తిడి చూపించే గేజీలు, క్రేన్ల మీటర్లు సరిచూడటం నా పని. చేతులకు గ్రీజు అంటని పని కాబట్టి షెడ్డులో మిగతా మెకానిక్కుల కంటే నేను ఒక మెట్టు పైనున్నానని అనుకునేవాణ్ణి. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ నా చొక్కా ఇస్త్రీ చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది.

ఔటర్ హార్బరు పనుల కోసం వచ్చిన ఒక విదేశీ ఇంజినీరు తిరిగి వెళ్ళిపోతూ తన కారును మా మేనేజరుగారికి అమ్మేశాడు. జర్మనీలో తయారైన బండి. స్టీరింగు ఎడమవైపు. బానెట్ ఎత్తి చూసిన మా మెకానిక్కులు వెంటనే దించేశారు. అందులో కార్బ్యురేటరు లేదు. దానికి బదులు, ముందు సీటు కింద, అన్నం క్యారేజీ అంత అల్యూమినియం పెట్టె ఒకటి ఉంది. బండితో పాటు వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో దాన్ని కంప్యూటర్ అని రాశారు. ఆ మాట విన్నాక ఆ కారు మంచీ చెడూ నాకు అప్పగించారు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి మూడు వారాలు చదివాను.

మామూలు కారులో గాలి కార్బ్యురేటరు గొంతులోంచి పోతూ తనకు కావలసిన పెట్రోలు తానే పీల్చుకుంటుంది. ఈ కారులో ఆ పద్ధతి లేదు. పెట్రోలు ఒక పైపులో ఎప్పుడూ ఒకే ఒత్తిడితో నిండి ఉంటుంది. ఒక్కో సిలిండరు ముందూ ఒక్కో చిన్న కవాటం. కరెంటు తగిలితే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. సెకనులో వెయ్యో వంతులు కొన్ని, అంతే. ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయించడం ఒక్కటే పెట్టె పని. చిత్రమేమిటంటే, ఎంత గాలి లోపలికి పోతోందో ఆ పెట్టె కొలవదు. కొన్ని గుర్తులు చూసి లెక్క కడుతుంది.

ఈ సంగతి నేను మొట్టమొదట విడమరిచి చెప్పింది ఆ కారుకు కొత్తగా పెట్టిన డ్రైవరుకు. ఆనందపురం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం అతనిది. ముప్పై ఏళ్ళుంటాయి. అంతకుముందు ఒక రైసుమిల్లు యజమాని అంబాసిడర్ నడిపాడు. ఎడమ స్టీరింగు వారం రోజుల్లో పట్టేశాడు. ఆరు నెలలు చూసి, బాగుంటే పర్మనెంటు చేస్తామని మేనేజరుగారు మాటిచ్చారు. వాళ్ళింట్లో పర్మనెంటు జీతం తీసుకోబోయే మొదటి మనిషి తానేనని, వాళ్ళావిడ అప్పుడే ఊరంతా చెప్పేసిందని నవ్వుతూ అనేవాడు.

ఒకరోజు టిఫిను వేళ సీటు కింద పెట్టెను వేలితో తట్టి అడిగాడు. “బాబూ, ఎంత పెట్రోలు పొయ్యాలో ఈ డబ్బాకి ఎలగ తెలుస్తాది? లోపల ఎవుడైనా కూకున్నాడేటి?”

“మీ ఆనందపురం నుంచి ఊళ్ళోకొచ్చే బస్సు ఉంది కదా. అందులో ఎన్ని సీట్లో నీకు తెలుసు.”

“సీట్లేటి బాబూ, దాని కిటికీకి ఎన్ని ఊసలో కూడా తెలుసు.”

“రోజుకి ఎన్ని ట్రిప్పులు తిరిగిందో తెలుసనుకో. అది ఇంజను తిరిగే వేగం. లోపల జనం ఎంత ఒత్తుకుని ఉన్నారో తెలుసనుకో. అది గాలి ఒత్తిడి. ఇక చలికాలమా, ఎండాకాలమా? చలికాలంలో ముడుచుకు కూచుంటారు, ఎక్కువమంది పడతారు. ఎండాకాలంలో ఒకరి ఒళ్ళు ఒకరికి తగలకుండా జరుగుతారు, తక్కువమంది పడతారు. గాలీ అంతే. ఇవి తెలిస్తే గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టక్కర్లేదు. ఎంతమంది ఎక్కారో చెప్పెయ్యొచ్చు. ఎంత గాలి పోయిందో తెలిస్తే దానికి తగ్గ పెట్రోలు.”

“మరి టాపు మీదోళ్ళు? ఎనకాల నిచ్చెనకి యేలాడీవోళ్ళు? ఆళ్ళనెవుడు లెక్కెడతాడు?”

ఆ ప్రశ్న నన్ను కొంచెం ఆశ్చర్యపరిచింది. పుస్తకంలో ఒక అధ్యాయమంతా దాని గురించే ఉంది. సిలిండరు ఒక్కో వేగంలో ఒక్కోలా నిండుతుంది. ఒకచోట కిక్కిరిసి, ఒకచోట సగం ఖాళీగా. ఏ వేగంలో ఎంత నిండుతుందో ఫ్యాక్టరీలోనే ఇంజనును నడిపి చూసి, ఆ పట్టికను పెట్టెలో ఇమిడ్చి పంపిస్తారు. అదే చెప్పాను.

“ఫేక్టరీలో సూసినప్పుడు ఇంజను కుర్రది కదా బాబూ. ముసిల్దయిపోతే?”

“పెట్టెకు తెలీదు. దాని లెక్కలో ఎప్పటికీ కుర్రదే. పొగగొట్టంలోంచి ఏం వస్తోందో కూడా అది చూడదు.”

“మా యావిడలాగన్నమాట. పెళ్ళినాడు నానెంత తిన్నానో ఇప్పటికీ అంతే వొండుతాది. మిగిలిపోతే నామీదే ఇరుసుకు పడతాది,” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటినుంచి ఆ పెట్టెకు అతను కండక్టరు అని పేరు పెట్టాడు.

రెండు నెలల తరవాత మేనేజరుగారు కుటుంబంతో సింహాచలం వెళ్ళారు. కొండ ఎక్కేటప్పుడు బండి రెండుసార్లు ఆగి ఆగి, గుక్క తిప్పుకోలేనట్టు ఎగిరిపడింది. మర్నాడు షెడ్డులో డ్రైవరు నాతో అన్నాడు. “పెట్రోలు అందట్లేదు బాబూ. ఫిల్టరు సూడండి. మనం డ్రమ్ముల్లో తెచ్చి పోత్తన్నాం, అడుగునంతా మడ్డే.”

అది సరైన మాట. ఫిల్టరు పూడుకుపోతే ఎత్తు ఎక్కేటప్పుడు పైపులో పెట్రోలు ఒత్తిడి పడిపోతుంది. కవాటం తెరుచుకున్నా కావలసినంత రాదు. కానీ ఆ ఫిల్టరు బొంబాయి నుంచి రావాలి. నెల పడుతుంది. మేనేజరుగారు ఆ సాయంత్రానికే జవాబు కావాలన్నారు. పైగా జవాబు ఒక డ్రైవరు నోటినుంచి వచ్చింది, ఆ లావుపాటి పుస్తకం చదివిన నా నోటినుంచి కాదు.

గాలి ఒత్తిడిని చూసి పెట్టెకు కబురు పంపే పరికరం ఒకటి బానెట్ కింద పక్కగా ఉంటుంది. అరచేతిలో పట్టేంత. దాని లోపల పలచటి లోహపు బిళ్ళలు ఒత్తిడిని బట్టి ఉబ్బుతాయి, ముడుచుకుంటాయి. వాటిని సరిచేసే చిన్న మర, అదే స్క్రూ, ఒకటి ఉంది. దానిమీద ఫ్యాక్టరీవాళ్ళు గట్టి సీలు వేశారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని పుస్తకంలో లావు అక్షరాల్లో ఉంది. ఇటువంటివి సరిచెయ్యడమే కదా నా ఉద్యోగం అనుకున్నాను. షెడ్డులో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు సీలు గీకి తీసి, మర ఎక్కడుందో గుర్తుగా ఒక గీత గీసి, పావు వంతు తిప్పాను. ఇప్పుడు గాలి ఎంత ఉన్నా, ఉన్నదానికంటే ఎక్కువ ఉందని పెట్టెకు కబురు వెళుతుంది. అది పెట్రోలు ఎక్కువ పోస్తుంది. తరవాత ఆఫీసులో కవర్లకు వేసే లక్క కరిగించి ఆ రంధ్రం మూసి, నల్లరంగు పూశాను.

బండి కొండ ఎక్కింది. మేనేజరుగారు నన్ను మొదటిసారి “ఇంజినీరుగారూ” అని పిలిచారు. నేను ఇంజినీరును కాను. దిద్దలేదు.

డ్రైవరు మాత్రం ఫిల్టరు సంగతి వదల్లేదు. స్టోర్సువాళ్ళ వెంటపడి బొంబాయికి రాయించాడు. అది వచ్చింది. నాకు చెప్పే బిగించాడు. నేను తలూపాను. ఆ క్షణంలోనే నాకు తట్టింది. పెట్రోలు ఒత్తిడి మళ్ళీ మామూలుగా వస్తోంది, నేను తిప్పిన మర మాత్రం తిప్పిన చోటే ఉంది. ఇక అదనంగా పోస్తున్నదంతా నిజంగా అదనమే. తెలియక చేశానని ఇప్పుడు రాసుకుంటే నాకే సుఖం. కానీ నాకు తెలుసు. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపు చూడాలంటే లక్క తీయాలి, ఎవరైనా చూస్తే ఆ లక్క ఎక్కడిదో చెప్పాలి.

పది రోజుల్లో వెనక గొట్టం నల్లగా పొగ చిమ్మడం మొదలుపెట్టింది. అతను ప్లగ్గులు ఊడదీసి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. కుంపటిలోంచి తీసినట్టున్నాయి.

“మసి పడతంది బాబూ. మీ కండక్టరుకి లెక్క తప్పింది. లేనోళ్ళక్కూడా టిక్కెట్లు కొట్టేత్తన్నాడు.”

“ఎండలు కదా,” అన్నాను. “వేడికి అలాగే ఉంటుంది.”

ఆ మాటకు అర్థం లేదు. అతన్ని బల్ల దగ్గర నుంచి పంపించడానికి అన్నాను. కానీ అతను దాన్ని అర్థం ఉన్న మాటగానే తీసుకున్నాడు.

అప్పట్లో అంబాసిడర్ నడిపేవాళ్ళందరికీ ఒక అలవాటు ఉండేది. మే నెల ఎండలో పెట్రోలు పంపు వేడెక్కిపోయి, లోపల పెట్రోలు ఆవిరై, బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. అందుకని పంపు మీద తడిగుడ్డ చుట్టి ఉంచేవారు. బండిలో ఒక నీళ్ళ సీసా, ఒక పాత తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. ఈ కారులో పంపు వెనక ట్యాంకు పక్కన ఉంది. బానెట్ కింద పంపు కనబడక, గాలి లోపలికి పోయే డబ్బా మీద తడిగుడ్డ కప్పాడతను. నేను వేడి అన్నాను కాబట్టి చల్లగాలి అందిద్దామనుకున్నాడు.

మే నెలలోనే, అతని ఆరు నెలలు నిండడానికి ఇంకా పన్నెండు రోజులుండగా, కలకత్తా నుంచి వచ్చిన కంపెనీ డైరెక్టరును తీసుకొస్తుంటే ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బండి ఆగిపోయింది. మరి కదల్లేదు. డైరెక్టరూ మేనేజరుగారూ ఆటోలో ఆఫీసుకు చేరారు. కారును లారీకి కట్టి లాక్కొచ్చారు. షెడ్డు ముందు అందరూ చేరారు. మేనేజరుగారి చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది.

“ఇంజినీరుగారూ, నాకు కారణం కావాలి. ఇప్పుడే కావాలి,” అన్నారు.

బానెట్ ఎత్తాను. గాలి డబ్బా మీద సగం ఆరిన గళ్ళ తువ్వాలు కనిపించింది. కంటి ముందు రెండు వస్తువులున్నాయి. నల్లరంగు పూసిన లక్క, ఆ తువ్వాలు. నేను తువ్వాలును రెండు వేళ్ళతో పైకెత్తాను.

“ఇది చూడండి సార్. ఈ డబ్బాలోనే గాలి వేడిని చూసే పరికరం ఉంది. దానిమీద తడిగుడ్డ వేస్తే, గాలి చల్లగా ఉందని కంప్యూటరు అనుకుంటుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది. చిక్కటి గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి. అందుకని అది పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు మసి పట్టి తడిసిపోతాయి.”

ఇందులో ప్రతి వాక్యమూ పుస్తకంలో ఉన్నదే.

“అంటే ఈ గుడ్డ వల్లేనా?”

“అయ్యుండాలండి.”

ఆ ‘అయ్యుండాలి’ని నేను తరవాత ఎన్నిసార్లో తిరగేసి చూసుకున్నాను. ‘అవును’ అనలేదు కదా అని కొన్నాళ్ళు ఊరట పడ్డాను కూడా. అంత నీచమైన ఊరట మరొకటి లేదు.

డ్రైవరు నావైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉండి ఉంటే బాగుండేది. పాఠం తప్పు చెప్పిన విద్యార్థి మేష్టారివైపు చూసినట్టు చూశాడు. “నానేనా బాబూ? నాను ఆపీసినానా?” అని, మేనేజరుగారివైపు తిరిగి, “తెలవక సేసినాను బాబూ. సల్లగా ఉంటాదని సేసినాను,” అన్నాడు.

“అంబాసిడరు తెలివితేటలు ఈ బండి మీద చూపించమని ఎవడు చెప్పాడయ్యా నీకు?” అన్నారు మేనేజరుగారు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడు, “ఇంజనుకి జొరం వొచ్చిందనుకుని తడిగుడ్డేసినాడు సార్,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పర్మనెంటు కాగితం రాలేదు. పన్నెండు రోజుల తరవాత రావద్దన్నారు. వెళ్ళేముందు అతను నా బల్ల దగ్గరకొచ్చి, “నా మూలంగా మీకు సెడ్డపేరు రాలేదు కదా బాబూ? బండి మీరు సూత్తన్నారు కదా, అందుకడిగినాను,” అన్నాడు. రాలేదన్నాను.

ఆ వారంలోనే లక్క తీసి, మరను నేను గీసిన గీత దగ్గరకు తిప్పేశాను. ప్లగ్గులు మార్చాను. బండి హాయిగా నడిచింది. తడిగుడ్డ తీసేశాక బాగైందని అందరూ చెప్పుకున్నారు. నా అబద్ధానికి కారే సాక్ష్యం చెప్పింది.

ఎనభైల్లో ఆ కంపెనీ మూతపడింది. స్టీలు ప్లాంటు కట్టుబడి జోరుగా సాగుతున్న రోజులు. ఊళ్ళోకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు, పని తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలడం లేదు. ఒక చిన్న శిక్షణ కేంద్రంలో పరికరాల గురించి పాఠాలు చెప్పే పని దొరికింది. అక్కడ తడిగుడ్డ కథ నా పాఠాల్లో బాగా పేరు తెచ్చుకుంది. పరికరానికి అబద్ధం చెబితే అది ఎలా మోసపోతుందో వివరించడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. డ్రైవరు యాస కూడా అనుకరించేవాణ్ణి. “సల్లగా ఉంటాదని సేసినాను” అనగానే క్లాసు గొల్లుమనేది. కొత్త బ్యాచి రాగానే, “సార్, తడిగుడ్డ చెప్పండి” అని పాతవాళ్ళే అడిగించేవారు. ఎన్ని బ్యాచిలకు చెప్పానో లెక్కలేదు.

ఒకసారి ఓడల్లో పనిచేసి వచ్చిన నలభై ఏళ్ళాయన క్లాసులో ఉన్నాడు. అందరూ నవ్వుతుంటే ఆయన కాగితం మీద ఏదో రాసుకుని లేచాడు.

“సార్, ఆరోజు గాలి నలభై డిగ్రీలనుకుందాం. గుడ్డ వల్ల ఇరవై ఐదుకి దిగిందనుకుందాం. అంత దిగదు, అయినా అనుకుందాం. అబ్సొల్యూట్ లెక్కలో మూడువందల పదమూడు, రెండువందల తొంభై ఎనిమిది. తేడా వందకి ఐదు. ఐదు శాతం పెట్రోలు ఎక్కువైతే బండి ఆగిపోతుందా సార్?”

ఆ లెక్క నాకు కొత్త కాదు. డ్రైవరు ఉద్యోగం పోయి వెళ్ళిన మధ్యాహ్నమే నేను అదే లెక్క వేసుకున్నాను. పైగా ఆ పరికరం డబ్బా లోపల, దూసుకొచ్చే గాలిలో ఉంటుంది. పైనున్న గుడ్డ దాన్ని ఐదు డిగ్రీలు కూడా చల్లబరచలేదు. “ప్రాక్టికల్‌లో అలాగే ఉంటుందండీ,” అన్నాను. ఆయన సరేనని కూచున్నాడు. పట్టుబట్టలేదు. ఎనిమిదేళ్ళలో ఆ కథను వందలమంది విన్నారు, కాగితం మీద రెండు అంకెలు వేసి చూసింది ఆయన ఒక్కడే. ఆ తరవాత పాఠం ఎలా ముగించానో గుర్తులేదు.

ఆ ఆదివారం ఆనందపురం బస్సెక్కాను. అక్కడి జంక్షన్లో డ్రైవర్ల దగ్గర వాకబు చేస్తే ఒకడు, “తడిగుడ్డ కోసమా? ఆ సందులో మూడో ఇల్లు,” అన్నాడు. ఆ పేరు ఇక్కడిదాకా వచ్చి కాపురం పెట్టిందని నేను ఎన్నడూ ఊహించలేదు.

అతను అరుగు మీద కూచుని చేమంతి గంపలకు గోనెలు కుడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి ఒక్క ఉదుటున లేచాడు. “ఏటి బాబూ, ఇలగొచ్చినారు! కూకోండి, కూకోండి. ఏటే, బాబుగారికి మంచినీళ్ళు తే.”

ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాను. పూలూ కూరలూ ఊళ్ళోకి వేసే వ్యాను నడుపుతున్నాడు. బండి వేరే వాళ్ళది. ఇక్కడి లారీ ఆఫీసులో మూడేళ్ళు తిరిగినా ఎవరూ బండి ఇవ్వలేదట. “తప్పు నాదే కదా బాబూ. ఫారిను బండిని తడిపి సంపేసినోడికి లారీ ఎవుడిత్తాడు?” అన్నాడు, ఎవరినీ నిందించకుండా.

చెప్పేశాను. మర, లక్క, గీత, ఫిల్టరు, అన్నీ. మధ్యలో నీళ్ళు తెచ్చిన వాళ్ళావిడ గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఆపాక అతను సూదిని గోనెలో గుచ్చి పక్కన పెట్టాడు.

“అయితే గుడ్డ కాదా?”

“కాదు.”

“మరి ఫిల్టరని నానన్నది?”

“అదే నిజం. నువ్వు చెప్పిందే నిజం.”

వాళ్ళావిడ చెంబు అరుగు మీద పెట్టింది. “ఎనిమిదేళ్ళ నుంచి ఈ మడిసిని నాను కూడా తిట్టినాను,” అంది. “వొండింది మాడినా, గుంటలకి జొరమొచ్చినా, ‘నీకేటి తెలుసు, తడిగుడ్డోడివి’ అన్నాను. మా అన్నయ్య కూడా ఒక పెళ్ళిలో పదిమంది ముందర అదే మాటన్నాడు. సదువుకున్నోరు మీరు. ఒక్క కార్డు ముక్క రాయడానికి ఎనిమిదేళ్ళు పట్టిందా బాబూ మీకు?”

ఇప్పుడైనా రాస్తాను, కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాను, లారీ ఆఫీసులో చూపించుకోవచ్చు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే తెలిసింది, కాగితం రాయడం నాకు సులువు కాబట్టి అంటున్నానని.

అతను తల అడ్డంగా ఊపాడు. “కాయితం ఎవుడు సదువుతాడు బాబూ? నోటితో అన్నారు. నోటితోనే తీసీయాల. మంగళారం పొద్దున్న జంక్షన్లో వేన్లన్నీ ఉంటాయి. అందరూ ఉంటారు. ఒచ్చి సెప్పండి.”

సెలవు లేదనబోయాను. వాళ్ళావిడ నా మొహం వైపే చూస్తోంది. వస్తానన్నాను.

మంగళవారం ఆరున్నరకు జంక్షన్లో దిగాను. బంతిపూల గంపలు, వంకాయ బస్తాలు, హైవే మీద లారీల మోత. పదిహేనుమంది దాకా డ్రైవర్లు టీ బడ్డీ చుట్టూ ఉన్నారు. అతను ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. “ఈ బాబు ఒక మాట సెప్తారు, ఇనండి,” అన్నాడు.

నేను మొదలుపెట్టాను. క్లాసులో గంటలకొద్దీ మాట్లాడే మనిషిని, రెండో వాక్యానికే గొణగడం మొదలుపెట్టాను. “గట్టిగా బాబూ,” అన్నాడతను. “ఆ సివర ఉన్నోడికి ఇనబడట్లేదు.” మళ్ళీ మొదటినుంచి చెప్పాను. గాలిని కొలవని పెట్టె గురించి, గుడ్డ వల్ల వందకి ఐదు కూడా మారదని, పావు వంతు తిప్పిన మర గురించి, నేను నవ్విన నవ్వు గురించి. టీ కొట్టువాడు కూడా గ్లాసులు కడగడం ఆపాడు.

“అయితే తడిగుడ్డ మీరేనన్నమాట,” అన్నాడొకడు. పెద్దగా నవ్వారు.

“నేనే,” అన్నాను.

“మరి ఈ బావ ఉద్యోగం?” అడిగాడొక పెద్దాయన. “అది కూడా నోటితో తెచ్చిత్తారేటి?”

“తేలేను. ఆ కంపెనీయే లేదు.”

“పల్లకుండు బావా,” అన్నాడు డ్రైవరు. “ఉద్యోగం నాను అడగలేదు. ఫిల్టరు మాట మళ్ళీ సెప్పండి బాబూ. ఈళ్ళకి సరిగ్గా ఇనబడలేదు.”

మొదటి రోజే అతను ఫిల్టరు చూడమన్నాడని, అదే సరైనదని, నేను వినలేదని చెప్పాను. అతను ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడ్డాడు. నా మొహం చూడలేదు. నా పాఠాన్ని అంత శ్రద్ధగా సరిచూసుకున్న శ్రోత అంతకుముందు నాకు దొరకలేదు.

వ్యాను నిండింది. నేనూ ఊళ్ళోకే వెళ్ళాలి. ముందు సీట్లో ఇద్దరు పూల వ్యాపారులున్నారు. వెనక గంపల మధ్య చోటు చూసుకుని ఎక్కాను. దారి పొడుగునా అతను ఆ ఇద్దరికీ పెట్రోలు ఒత్తిడి గురించి చెబుతూనే ఉన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎందుకు గుక్క తిప్పుకోలేదో, మడ్డి ఎక్కడ చేరుతుందో, దాన్ని ఎలా కనిపెట్టాలో. మధ్యలో ఒక్కచోట లెక్క కాస్త తప్పాడు. దిద్దాలని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. ఊళ్ళోకి వచ్చాక మద్దిలపాలెంలో బండి ఆపి, “దిగీవోళ్ళు దిగండి, బేగి,” అని అందరితో పాటే నాకూ చెప్పాడు. దిగాను.